కెమిస్ట్రీ ఇష్టమైతే కెమికల్ ఇంజినీరింగ్ తీసుకోవచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ పూర్తి చేసింది. కెమిస్ట్రీ అంటే ప్రాణం. ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌లో కెమికల్ ఇంజినీరింగ్‌కు మొదటి ఆప్షన్ పెట్టమంటారా? - ఒక తండ్రి, అనకాపల్లి

జవాబు: పెట్టవచ్చు. అయితే కెమిస్ట్రీ మీద ఇష్టం ఒక్కటే అందుకు ఆధారమైతే కొంచెం ఆగి ఆలోచించండి. ఒక పదార్థాన్ని తయారుచేసే మార్గాన్ని ప్రయోగశాలలో కనుక్కోవడం కెమిస్టు పని కాగా, దాన్నే టన్నుల లెక్కన, ప్రమాదం లేకుండా, గిట్టుబాటయ్యే ఖర్చుతో తయారు చేయించడం కెమికల్ ఇంజినీరు పని. అందుకే ఈ బీటెక్‌లో ఫ్లూయిడ్ మెకానిక్స్, హీట్ ట్రాన్స్‌ఫర్, మాస్ ట్రాన్స్‌ఫర్, థర్మోడైనమిక్స్, ప్రాసెస్ కంట్రోల్ వంటి సబ్జెక్టులదే పెద్దపీట. వీటిని గట్టెక్కించేవి గణితం, భౌతికశాస్త్రం.

లీటరు ఫ్లాస్కులో వేడి పుట్టించే చర్య ఒకటి జరుగుతోందనుకుందాం. ఐసు నీళ్ల గిన్నెలో ఉంచితే ఫ్లాస్కు చల్లబడుతుంది. అదే ఆకారంలో ఉన్న వెయ్యి లీటర్ల రియాక్టరులో సరుకూ, దాని నుంచి పుట్టే వేడీ వెయ్యి రెట్లవుతాయి గానీ, ఆ వేడి బయటికి పోవలసిన గోడ వైశాల్యం వంద రెట్లే పెరుగుతుంది. రియాక్టరు చుట్టూ ఉండే తొడుగు (జాకెట్)లో చల్లటి నీరు ఎంత వేగంగా తిరగాలి, రెండో ముడిసరుకును ఎన్ని గంటలపాటు కొద్దికొద్దిగా వదలాలి, మధ్యలో కరెంటు పోయి సరుకును కలియబెట్టే స్టిరర్ ఆగితే ఏం చేయాలి అన్నవి ముందే లెక్కగట్టి పెట్టడమే ఈ చదువు సారం. ఈ లెక్క ఎంత ముఖ్యమో మీ ప్రాంతం వారికి వేరే చెప్పనక్కరలేదు: 2020 మే 7న విశాఖలో స్టైరీన్ (ప్లాస్టిక్ తయారీకి వాడే ద్రవం) ఆవిరి ఊరి మీదికి వచ్చింది, నిల్వ ట్యాంకులోని ద్రవం తనంతట తానే పాలిమరుగా (అణువులు గొలుసులా కలిసిన పదార్థంగా) మారుతూ వేడెక్కిపోవడం వల్లనే.

ఉద్యోగాల విషయానికి వస్తే, విశాఖ రిఫైనరీ, పరవాడ ఫార్మా సిటీ మీకు దగ్గరలోనే ఉన్నాయి. హైదరాబాద్ చుట్టూ బల్క్ డ్రగ్ (మందుల్లో వాడే అసలు రసాయనాలు తయారుచేసే) పరిశ్రమలున్నాయి. గేట్ రాసి ఎంటెక్‌కు వెళ్లవచ్చు. తొలి జీతం సాఫ్ట్‌వేర్‌తో పోటీపడుతుందని మాత్రం నేను చెప్పను. ప్లాంటులో చేరితే షిఫ్టులు, హెల్మెట్, ఘాటైన వాసనలు తప్పవు.

ఇంటర్ ఫిజిక్స్‌లోని థర్మోడైనమిక్స్ పాఠం, గణితంలోని అవకలన సమీకరణాలు ఎలా అనిపించాయో అమ్మాయినే అడగండి. అవి నచ్చాయంటే నిశ్చింతగా మొదటి ఆప్షన్ పెట్టండి. ఆర్గానిక్ కెమిస్ట్రీలోని చర్యలే ఆమెను కట్టిపడేస్తుంటే బీఎస్సీలో చేర్చి, ఆపై ఐఐటీల్లో ఎమ్మెస్సీకి జామ్ పరీక్ష రాయించడం మేలు.