మెలకువగా ఉంచి మెదడు ఆపరేషన్ చేస్తే మాట దక్కుతుందా? మా తమ్ముడి సంగతి

కణితి తీసేటప్పుడు రోగిని మెలకువగా ఉంచి, మెదడులో ఏ చోటు ఏ పని చేస్తుందో చూసే బ్రెయిన్ మ్యాపింగ్ చేస్తామంటున్నారు, దానివల్ల మాట నిజంగా దక్కుతుందా, హైదరాబాద్‌లో చేయించుకున్నవాళ్లు చెప్పండి అని అడిగారు. మా తమ్ముడికి చేశారు. దక్కింది. అయితే ఏ భాషలో దక్కాలో ఆపరేషన్‌కి ముందే డాక్టర్లతో మాట్లాడుకోండి. ఈ ముక్క ఎవరూ చెప్పరు.

తమ్ముడు ఆర్టీసీ కండక్టర్. ఒకరోజు డ్యూటీలో 'చిల్లర' అనే మాట నోటికి రాక అలాగే నిలబడిపోయాడు. తాగొచ్చాడని బస్సులో గొడవ. తర్వాత ఫిట్స్ వచ్చాయి. ఎమ్మారైలో ఎడమవైపు, మాటకు సంబంధించిన చోటును ఆనుకొని గ్లయోమా అనే మెదడు కణితి కనబడింది. చేనులో గరిక పాకినట్టు ఇది మంచి మెదడులోకి పాకుతుందని, ఎక్కడ ఆపాలో కంటికి తెలియదని డాక్టర్ చెప్పారు.

ఇది కొత్త ప్రయోగమనీ మనవాళ్ల మీద చేసి చూస్తున్నారనీ మా బావగారు వాట్సాప్‌లో చదివి వచ్చారు. కొత్తదేమీ కాదు. కెనడాలోని మాంట్రియల్‌లో పెన్‌ఫీల్డ్ అనే సర్జన్ 1930లలోనే మూర్ఛ రోగులకు ఇలా చేశారు. మెదడుకు నొప్పి తెలియదు. నొప్పి తెలిసేది తల చర్మానికి, మెదడు మీది పొరకు. వాటికి మత్తు ఇంజెక్షన్లు ఇస్తారు. మాట చోటు ఎక్కడుందో చూడటానికి ముందే ఫంక్షనల్ ఎమ్మారై తీస్తారు కానీ అది రక్తప్రసరణను బట్టి వేసే అంచనా మాత్రమే. పుర్రె తెరిచాక మెదడు కాస్త జరుగుతుంది కూడా. అందుకే అక్కడికక్కడ సన్నటి కరెంటుతో తాకి చూస్తారు. తాకిన ఆ రెండు మూడు క్షణాలు ఆ చోటు పనిచేయదు. మాట ఆగిందా, అక్కడ కత్తి పెట్టరు.

ముందురోజు స్పీచ్ థెరపిస్ట్ అమ్మాయి ట్యాబ్‌లో బొమ్మలు చూపించి పేర్లు అడిగింది. ఎక్కడి బొమ్మలో ఏమో, మంచుతో కట్టిన ఇల్లు వచ్చింది. వీడు తడుముకొని "బోర్లించిన కుండ" అన్నాడు. తప్పు చెప్పిన బొమ్మల్ని ఆ అమ్మాయి తీసేస్తూ పోయింది. రేపు థియేటర్‌లో తప్పు చెబితే కరెంటు వల్లో, అసలే తెలియకో తేల్చుకోలేరట. చివరికి సగం బొమ్మలు మిగిలాయి. నాకు చిర్రెత్తి ఇంటికెళ్లి రోలు, జల్లెడ, గొడుగు, వాడి టికెట్ల టిమ్ మెషిన్ అన్నీ ఫోన్‌లో ఫొటోలు తీసుకొచ్చాను. ఆ అమ్మాయి ఏమీ అనుకోకుండా కలుపుకుంది, పాపం.

థియేటర్ సంగతి వాడు చెప్పిందే. మొదట అంకెలు లెక్కపెట్టమన్నారు. తర్వాత వీడే బస్ స్టాపులు అందుకున్నాడు. మెహదీపట్నం, మాసబ్‌ట్యాంక్, లక్డీ... అక్కడ ఆగింది. "అక్కా, కాపూల్ కళ్లముందే ఉంది, నోరు కదలదు" అని తర్వాత నాతో అన్నాడు. ఆ చోట నంబరు రాసిన చిన్న కాగితం ముక్క పెట్టారు. ఇంకో చోట తాకేసరికి మూతి ఒకవైపు అదిరింది. అది ఫిట్స్‌గా మారకుండా వెంటనే మెదడు మీద చల్లటి సెలైన్ పోశారు, ఆగిపోయింది. లెక్కపెట్టడం, స్టాపులు చెప్పడం అలవాటు మీద వచ్చేస్తాయి కాబట్టి అవొక్కటే చాలవట. బొమ్మలు మొదలుపెట్టారు. నా గొడుగు ఫొటో వచ్చింది. ఒక చోట తాకితే 'గొడుగు' రాలేదు. "ఛత్రీ" అన్నాడు!

రోజంతా బస్సులో హిందీ మాట్లాడేవాడు, హిందీ వచ్చింది. ఇంట్లో మాట్లాడే తెలుగు రాలేదు. రెండు భాషలకు మెదడులో కొన్ని చోట్లు వేరుగా ఉండొచ్చని 1978లోనే ఓజెమన్, విటేకర్ అనేవాళ్లు ఇలా కరెంటుతో తాకి చూపించారు. మరి ఈ ఊళ్లో ప్రతివాడూ మూడు భాషల మనిషే కదా, ఒక్క భాషలో పరీక్షించి ఊరుకుంటే ఎలా? మావాడిని హిందీలోనే అడిగి ఉంటే ఆ ముక్క కోసేసేవారే, నాకు సందేహం లేదు.

పేపర్లలో 'సినిమా చూస్తుండగా మెదడు ఆపరేషన్' అని వేస్తారు చూశారా, ఒళ్లు మండుతుంది. రోగికేదో కాలక్షేపం అన్నట్టు. అక్కడ రోగి మాటే డాక్టర్ చేతిలో పనిముట్టు. ఆరు గంటలు బయట ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నదాన్ని, నాకు తెలుసు.

కణితి మొత్తం రాలేదు. కాగితం పెట్టిన చోటి పక్కన కొంత వదిలేశారు. దానికి ఏటా స్కాన్లు తప్పవు. మొదటి మూడు వారాలు మాట బాగా తడబడింది. అన్నం, నీళ్లు, చెప్పులు అన్నీ 'అదే, అదే'. వాపు వల్ల అలా ఉంటుందని ముందే చెప్పారు, అయినా మా అమ్మ ఏడుస్తూనే ఉంది. నెలన్నరకి సర్దుకుంది. ఇప్పుడు డిపోలో కూర్చునే డ్యూటీ.

మీవాళ్లకైతే ఫొటోలు మీరే తీసి పట్టుకెళ్లండి. వంటింటివి ఎక్కువ తీయండి.

మావాడు గొడుగును ఇప్పటికీ ఛత్రీ అనే అంటాడు. ఆపరేషన్ వల్లనా అని అడిగితే అమ్మ మాత్రం, కండక్టర్ ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ అంతే అంటుంది.