షుగరున్నవాళ్లు గెనుసుగడ్డలు తినొచ్చా?

ప్రశ్న: నా వయసు 54. ఏడేళ్లుగా షుగరుంది. మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ వేసుకుంటున్నాను. మూడు నెలల సగటు (హెచ్‌బీఏ1సీ) 7.8 వచ్చింది. గెనుసుగడ్డలు తింటే షుగరు తగ్గుతుందని చుట్టుపక్కలవాళ్లు చెబుతున్నారు. శివరాత్రి ఉపవాసానికి కూడా అవే తింటాం. తినొచ్చా?
- ఒక పాఠకురాలు, ప్రొద్దుటూరు

జవాబు: తినొచ్చమ్మా. కానీ షుగరు తగ్గించే మందులా మాత్రం తినకండి. అయిదంగుళాల పొడవుండే మధ్యరకం గడ్డ సుమారు 130 గ్రాములు తూగుతుంది. అందులో 26 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది, అంటే ఒక చిన్న గిన్నెడు అన్నంతో సమానం. అన్నమో సంగటో మామూలుగా తినేసి, పైన గడ్డ తింటే షుగరు పెరగక తప్పదు. గడ్డ తినే పూట సంగటి ముద్దలో ఆ మేరకు తగ్గించండి. అన్నంలో పెద్దగా దొరకని పీచు ఇందులో నాలుగు గ్రాముల దాకా ఉంది, పొటాషియం కూడా బాగానే ఉంది. లోపల నారింజ రంగున్న రకమైతే విటమిన్ ఎ కూడా దండిగా అందుతుంది. తెల్ల గడ్డలో అది దాదాపు ఉండదు.

ఎలా వండారన్నది ఇంకా ముఖ్యం. ఉడికించిన గడ్డల గ్లైసెమిక్ ఇండెక్స్ (తిన్నది రక్తంలో షుగరును ఎంత వేగంగా పెంచుతుందో చెప్పే అంకె) 50 చుట్టుపక్కల ఉంటే, కాల్చినవాటిది 80 దాటినట్టు కొలతల్లో తేలింది. నిప్పుల్లో నిదానంగా కాలేటప్పుడు గడ్డలోని పిండి చక్కెరగా మారుతుంది, నీరు ఇగిరిపోయి తీపి చిక్కబడుతుంది. అందుకే కాల్చిన గడ్డ అంత రుచి! మీరు మాత్రం తొక్కతోనే ఉడికించుకోండి. నీళ్లలో బెల్లం వేయొద్దు. మెత్తగా పిసికి ముద్ద చేయకుండా, చల్లారాక ముక్కలుగా తినండి. చల్లారితే పిండిలో కొంత భాగం త్వరగా అరగని రూపానికి మారుతుంది. గుప్పెడు ఉడికించిన శెనక్కాయలో, గిన్నెడు పెరుగో తోడుంటే షుగరు ఒక్కసారిగా పైకి ఎగబాకదు. మొదటిసారి తిన్న రెండు గంటలకు గ్లూకోమీటరుతో చూసుకోండి. 180 దాటితే మరుసటిసారి సగం గడ్డే తినండి.

శివరాత్రి విషయంలో నాకు గడ్డ కంటే మీ గ్లిమెపిరైడ్ మాత్ర గురించే ఎక్కువ భయం. మీరు తిన్నా తినకపోయినా అది ఇన్సులిన్‌ను విడుదల చేయిస్తుంది. మామూలు మోతాదు వేసుకుని పస్తుంటే షుగరు పడిపోతుంది. ఆ రోజు మోతాదు ఎంత ఉండాలో వారం ముందే మీ డాక్టరును అడగండి, సొంతంగా మానేయొద్దు. చెమటలు, వణుకు, కళ్లు తిరగడం ఉండి షుగరు 70 కన్నా తగ్గితే, ఉపవాసం సంగతి పక్కనపెట్టి వెంటనే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగండి. 15 నిమిషాలకు మళ్లీ చూసుకోండి, ఇంకా తక్కువే ఉంటే మళ్లీ అంతే తాగండి.

బూజు పట్టిన గడ్డనూ, కోస్తే నల్లగా ఉండి చేదొచ్చేదాన్నీ పూర్తిగా పారేయండి. ఆ విషం ఉడికించినా పోదు.

ఇంకొక్క మాట. ఈ ఏడాది కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష చేయించకపోయి ఉంటే ముందు అది చేయించండి. కిడ్నీలు దెబ్బతిన్నవాళ్లలో పొటాషియం రక్తంలో పేరుకుని గుండె లయ తప్పుతుంది. అలాంటివాళ్లు డాక్టరు ఒప్పుకుంటేనే తినాలి. అప్పుడు కూడా తొక్క తీసి, ముక్కలు కోసి, ఎక్కువ నీళ్లలో ఉడికించి ఆ నీళ్లు పారబోయాలి.