మీరడిగారు: అనెక్స్ అంటే పార్లమెంటేనా?

ప్రశ్న: అఖిలపక్ష సమావేశమైనా, జేపీసీ (రెండు సభల సంయుక్త కమిటీ) అయినా టీవీవాళ్లు ‘పార్లమెంట్ అనెక్స్‌లో’ అంటుంటారు. అక్కడ జరిగేది పార్లమెంటు పనికిందే లెక్కా, లేక అది ఉత్త ఆఫీసు బిల్డింగా? ఎప్పుడు కట్టారు?
– రిటైర్డ్ హెడ్మాస్టరు, తణుకు

జవాబు: కమిటీల పనైతే లెక్కే మాస్టారూ. లోక్‌సభ నిబంధనల ప్రకారం కమిటీలు పార్లమెంటు ఆవరణలోనే కూర్చోవాలి. బయట ఎక్కడైనా కూర్చోవాలంటే విషయం స్పీకరు దాకా వెళ్లాలి. అనెక్స్ ఆ ఆవరణలోదే కాబట్టి ఆ పేచీ లేదు.

1927లో తెరిచిన గుండ్రటి పార్లమెంటు భవనం స్వాతంత్ర్యం తర్వాత పెరిగిన కమిటీలకీ, సిబ్బందికీ చాల్లేదు. దాంతో పక్కనే ఇంకోటి కట్టారు. 1970 ఆగస్టు 3న శంకుస్థాపన చేసింది మన వి.వి.గిరి గారే, రాష్ట్రపతి హోదాలో. నమూనా గీసింది కేంద్ర పీడబ్ల్యూడీలో చీఫ్ ఆర్కిటెక్టు జె.ఎం.బెంజమిన్. ముందూ వెనకా మూడేసి అంతస్తులు, మధ్యలో ఆరు. 1975 అక్టోబరు 24న ఇందిరాగాంధీ ప్రారంభించారు. తేదీ చూశారా? ఎమర్జెన్సీ పెట్టి అప్పటికి నాలుగు నెలలు. ప్రభుత్వాన్ని నిలదీయాల్సిన కమిటీల కోసం కొత్త గదులు తెరిచారు, నిలదీయాల్సిన నాయకులేమో చాలామంది జైల్లో ఉన్నారు.

దాని అసలు దశ తిరిగింది 1993లో, పి.వి.నరసింహారావు ప్రధానిగా ఉన్నప్పుడు. శాఖలవారీగా 17 స్థాయీ సంఘాలు వేశారు. 2004లో వాటిని 24 చేశారు. ఇప్పుడు ఒక్కో దాంట్లో 31 మంది: లోక్‌సభ నుంచి 21, రాజ్యసభ నుంచి 10. కోరం (సమావేశం నడవడానికి ఉండాల్సిన కనీస సంఖ్య) మూడోవంతు, అంటే 11 మంది వస్తే చాలు. ఇవి కాక ప్రభుత్వ ఖర్చుల లెక్కలు చూసే పబ్లిక్ అకౌంట్స్ లాంటి పాత కమిటీలు ఉండనే ఉన్నాయి. సభ లేని నెలల్లోనూ అనెక్స్‌లో సందడి ఉండేది వీటివల్లే.

ఢిల్లీలో రిపోర్టరుగా ఉన్నప్పుడు నా చలికాలాలు చాలావరకు ఆ గేటు దగ్గరే గడిచాయి. సభలో అయితే గ్యాలరీలో కూర్చుని అన్నీ వినొచ్చు. కమిటీ సమావేశం మాత్రం తలుపులు మూసి జరుగుతుంది, కెమెరాలుండవు. సభలో గొంతు చించుకున్న ఎంపీయే అక్కడ కళ్లజోడు పెట్టుకుని ఫైలు తిరగేస్తూ ప్రభుత్వ శాఖ కార్యదర్శిని పేరాలవారీగా అడుగుతాడని లోపలికి వెళ్లొచ్చిన అధికారులు చెప్పేవారు. బయటికొచ్చాక ఆ ఎంపీని ఏమైందని అడిగితే ‘చర్చ బాగా జరిగింది’ అనేసి కారెక్కేవాడు. రిపోర్టు సభ ముందుకు వచ్చేదాకా లోపలి సంగతి చెప్పకూడదు మరి. అయినా సాయంత్రానికి సగం బయటికి పొక్కేది, అది వేరే సంగతి.

ఓ చిట్కా చెబుతాను. నోటీసులో ‘కమిటీ రూం బి’, ‘రూం డి’ అని అక్షరం ఉంటే అది అనెక్స్. 53, 62 అని ఉంటే పాత పార్లమెంటు భవనం. రూం నంబరు 2 అని వేసి పక్కన ‘ఎక్స్‌టెన్షన్’ అని ఉంటే, 2017 జులై 31న ప్రధాని మోదీ ప్రారంభించిన అనెక్స్ విస్తరణ భవనం. మా కొత్త ఫొటోగ్రాఫర్లకి ముందు నేర్పేది ఇదే. లేకపోతే ఒక గేటు దగ్గర వాళ్లు కాపలా కాస్తుంటే, మంత్రి ఇంకో గేటులోంచి వెళ్లిపోతాడు.

ప్రశ్న: బాలయోగి ఆడిటోరియం అనెక్స్‌లోనే ఉందా? మా ఇంట్లో పందెం నడుస్తోంది.
– ఓ పాఠకురాలు, అమలాపురం

జవాబు: అమలాపురం వాళ్లే అడగాలి ఈ ప్రశ్న! లేదండీ, అది పార్లమెంటు లైబ్రరీ భవనంలో ఉంది. ఆర్కిటెక్టు రాజ్ రేవల్ గీసిన భవనం అది. పార్లమెంటు కంటే ఎత్తుగా కనపడకూడదని చాలాభాగం నేలలోకి దించి కట్టారు. లోక్‌సభ స్పీకరుగా ఉండగానే మీ అమలాపురం ఎంపీ జి.ఎం.సి.బాలయోగి గారు 2002 మార్చి 3న కైకలూరు దగ్గర హెలికాప్టర్ ప్రమాదంలో పోయారు. లైబ్రరీ ప్రారంభమైంది మే 7న, రెండు నెలలు తిరిగాక. పార్టీల పార్లమెంటరీ సమావేశాలు చాలాసార్లు ఆ హాల్లోనే జరిగాయి కాబట్టి ఆయన పేరు జాతీయ వార్తల్లో ఇప్పటికీ వినిపిస్తుంటుంది. పందెం ఎవరు గెలిచారో రాయండి.

ప్రశ్న: పార్లమెంటు క్యాంటీన్లో ఇంకా చవగ్గానే పెడుతున్నారా?
– చిరువ్యాపారి, వరంగల్

జవాబు: ఆ రోజులు పోయాయి. ఏళ్లతరబడి ఉత్తర రైల్వే నడిపింది, ధరలు చూసి దేశమంతా తిట్టుకుంది. 2020లో కేంద్ర పర్యాటక సంస్థ ఐటీడీసీకి అప్పగించారు, 2021లో సబ్సిడీ ఎత్తేశారు.

ప్రశ్న: కమిటీకి మామూలు జనం అభిప్రాయం పంపొచ్చంటారు. నిజంగా చదువుతారా?
– లా విద్యార్థిని, కడప

జవాబు: పంపొచ్చమ్మా. బిల్లు కమిటీకి వెళ్లినప్పుడు పత్రికల్లో ప్రకటన ఇస్తారు, గడువు మామూలుగా కొద్ది రోజులే. ఇంగ్లీషులోగానీ హిందీలోగానీ రెండు ప్రతులు పంపమంటారు. స్వయంగా వచ్చి చెప్పాలనుకుంటే ఆ మాట కూడా అందులోనే రాయాలి. పిలవడం, పిలవకపోవడం కమిటీ ఇష్టం. పిలిస్తే నువ్వు చెప్పిన ప్రతి మాటా ఎక్కించి, తప్పులుంటే దిద్దమని ఆ ప్రతి నీకు పంపుతారు. చదువుతారా అంటే, ముందు చదివేది సెక్రటేరియట్ అధికారులు. ఏ క్లాజు మీద ఎవరేమన్నారో వాళ్లు పట్టిక వేసి సభ్యుల ముందు పెడతారు. అందుకే ఆవేశం తగ్గించి, క్లాజు నంబరు వేసి, అక్కడ ఏ మాట తీసేసి ఏ మాట పెట్టాలో రాయి. నాలుగు పేజీలు దాటనీయకు. ఇంకోటి, నువ్వు పంపింది కమిటీ రికార్డు అయిపోతుంది, రహస్యంగా ఉంచాలి. గొప్పగా వచ్చింది కదా అని వాట్సాప్ గ్రూపుల్లో పెట్టేయకు.