మూడు రోజుల ఈఈజీకి ఎంత ఖర్చు? ముందు మాత్రల సంగతి తేల్చండి

ప్రశ్న: మా తమ్ముడికి 24 ఏళ్లు. నాలుగేళ్లుగా ఫిట్స్ వస్తున్నాయి. లెవెటిరాసిటం, వాల్‌ప్రోయేట్ రెండూ వాడుతున్నా నెలకు రెండు మూడు సార్లు వస్తూనే ఉన్నాయి. రెండుసార్లు ఈఈజీ (మెదడులోని విద్యుత్ సంకేతాలను నమోదు చేసే పరీక్ష) తీస్తే నార్మల్ అన్నారు. ఎంఆర్ఐ కూడా బాగానే ఉంది. ఇప్పుడు ఆసుపత్రిలో చేర్చి మూడు రోజుల వీడియో ఈఈజీ చేయించమన్నారు. హైదరాబాద్‌లో ఒకచోట రోజుకు 9 వేలు, మరోచోట మొత్తం కలిపి 55 వేలు చెప్పారు. ఇంత తేడా ఎందుకు? ఆరోగ్య బీమా వర్తిస్తుందా? పరీక్ష జరిగేటప్పుడు ఫిట్స్ రాకపోతే డబ్బు దండగ అని తెలిసినవాళ్లు చెబితే వారం నుంచి మాత్రలు సగమే వేస్తున్నాం. వచ్చే నెల చేర్పిద్దామనుకుంటున్నాం.
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: మీరు అడిగింది ఖర్చు గురించి. నన్ను కంగారు పెట్టింది మాత్రం మాత్రలు సగం చేశామన్న మాట. ఈ రోజే మీ డాక్టరుకు ఫోను చేసి ఆ విషయం చెప్పండి. ఆయన చెప్పినట్టు పాత మోతాదుకు తీసుకురండి. వారం లోటు తీరాలని ఒకేసారి రెట్టింపు మాత్రలు వేయకండి, అదీ ప్రమాదమే.

మీకు చెప్పినవాళ్ల మాటలో కొంత నిజం లేకపోలేదు. వీడియో ఈఈజీ కోసం చేరినవారికి డాక్టర్లమైన మేమూ చాలాసార్లు మందులు తగ్గిస్తాం. అయితే పేషెంటు మంచం మీద ఉండగా, చేతికి సూది పెట్టి ఉంచి, నర్సు పక్కనే ఉండగా తగ్గిస్తాం. ఏ మందు ఎంత తగ్గించాలన్నది రోజూ చూసి నిర్ణయిస్తాం. పరీక్షకు నెల ముందు నుంచి ఇంట్లో తగ్గించడం వల్ల పరీక్షకు ఒరిగేది ఏమీ లేదు. ఫిట్స్ మాత్రం బావి దగ్గరో, బండి మీదో, నిద్రలో ఎవరూ చూడనప్పుడో రావచ్చు. ఒకదాని వెంట ఒకటి ఆగకుండా వస్తే ప్రాణం మీదికి వస్తుంది. ఎప్పుడైనా ఐదు నిమిషాలు దాటినా, మధ్యలో తెలివి రాకుండా మళ్లీ వచ్చినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఫిట్స్ ఆపడానికి ముక్కులో కొట్టే మిడజోలం స్ప్రే ఇంట్లో ఉంచుకోవాలా, ఎప్పుడు వాడాలి అన్నది మీ డాక్టరునే అడగండి. చేతిలో తాళాలు పెట్టడం, ఉల్లిపాయ వాసన చూపించడం వంటివి మాత్రం వద్దు. ఎడమ పక్కకు ఒత్తిగిలించి, తల కింద మెత్తటి గుడ్డ పెట్టి, నోట్లో ఏమీ పెట్టకుండా గడియారం చూస్తూ ఉంటే చాలు.

ఇక పరీక్ష సంగతి. అరగంట ఈఈజీ నార్మల్‌గా వచ్చినంత మాత్రాన మూర్ఛ లేదని కాదు. మూర్ఛ ఉన్నవారిలో కూడా మొదటి ఈఈజీ సగం మందికి పైగా మామూలుగానే రావచ్చు. కరెంటు ఉన్నప్పుడు వచ్చి చూసే లైన్‌మన్‌కు లోపం దొరకనట్టే ఇది. రెండు మందులు సరైన మోతాదులో వాడినా ఫిట్స్ ఆగకపోతే పెద్ద పరీక్ష అడగడం సబబే. అసలు అవి మూర్ఛేనా, మూర్ఛ అయితే మెదడులో ఎక్కడ మొదలవుతోంది, ఆపరేషన్‌కు వీలుందా అన్నది దీంతో తేలవచ్చు. మూర్ఛ (ఎపిలెప్సీ) చికిత్సా కేంద్రాలకు ఇలా వచ్చేవారిలో దాదాపు ఐదో వంతు మందికి మానసిక ఒత్తిడి వల్ల ఫిట్స్ లాంటివి వస్తున్నాయని తేలుతుంది. వారు నటించడం లేదు, కానీ మూర్ఛ మాత్రలు వారికి పనిచేయవు. మీ తమ్ముడు ఏ కోవలోకి వస్తాడో ఇక్కడ కూర్చుని నేను చెప్పలేను.

ధరలో తేడా దేనికంటే, ఇక్కడ ఖర్చు యంత్రానికంటే మనుషులకే ఎక్కువ. తలకు అంటించిన ఇరవైకి పైగా తీగలు ఊడితే రాత్రి రెండింటికైనా టెక్నీషియన్ వచ్చి మళ్లీ అంటించాలి. నర్సు కనిపెట్టుకుని ఉండాలి. 72 గంటల రికార్డును న్యూరాలజిస్టు వీడియోతో కలిపి చదవాలి. మీకు చెప్పిన 9 వేలలో ఇవన్నీ ఉన్నాయా, రికార్డింగు ఒక్కటేనా? గది అద్దె, డాక్టర్ విజిట్లు, రిపోర్టు చదివినందుకు ఫీజు వేరా? మొదటి రోజే రెండు మూడు ఫిట్స్ దొరికి ముగించేస్తే మిగతా రోజుల డబ్బు తిరిగి ఇస్తారా? మూడు రోజుల్లో ఏదీ రాకపోతే నాలుగో రోజుకు ఎంత? ఐసీయూ అవసరమైతే ఎంత? ఇవి అడిగి, అంచనా కాగితం మీద రాయించుకోండి. చవకదంటే పనికిరానిదని కాదు, ఖరీదైనదంటే మేలైనదనీ కాదు. రాత్రంతా ఎవరు చూస్తారో అడగండి, నా దృష్టిలో అదే ముఖ్యం. నిమ్స్, బెంగళూరు నిమ్‌హాన్స్, తిరువనంతపురం శ్రీచిత్ర వంటి ప్రభుత్వ సంస్థలలో ఖర్చు సాధారణంగా తక్కువ, కానీ వరుసలో ఆగాల్సి ఉంటుంది. ఆరోగ్యశ్రీ కార్డు ఉంటే చేరకముందే ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను కలవండి.

బీమా దగ్గర చాలామంది దెబ్బ తింటారు. కేవలం పరీక్షల కోసమే చేరితే ఖర్చు ఇవ్వబోమన్న షరతు మన దేశంలోని ఆరోగ్య పాలసీలలో మామూలుగా ఉండేదే. పైగా మీ తమ్ముడికి నాలుగేళ్లుగా ఉన్న జబ్బు. పాలసీ తీసుకున్నప్పుడు అది చెప్పారా, పాత జబ్బులకు బీమా వర్తించని నిరీక్షణ కాలం గడిచిందా చూసుకోండి. ముందస్తు అనుమతి రాతపూర్వకంగా తెచ్చుకున్నాకే చేర్పించండి. చికిత్స కోసం చేర్చుకున్నట్టు రాసివ్వమని డాక్టరును బతిమాలే వారుంటారు. ఉన్నదే రాస్తాం, మీరూ అడగకండి.

చేర్పించే ముందు పైసా ఖర్చు లేని పని ఒకటుంది. ఈసారి ఫిట్స్ వస్తే మీ తమ్ముణ్ని సురక్షితంగా పడుకోబెట్టాక, ఇంకొకరు ఫోనులో వీడియో తీయాలి. ఒళ్లంతా, ముఖం, కళ్లు తెరిచి ఉన్నాయా మూసి ఉన్నాయా అన్నది కనిపించాలి. పేరు పెట్టి పిలిస్తే పలుకుతున్నాడా లేదా తెలియాలి. ఆ వీడియో చూసి మీ డాక్టరు మూడు రోజుల బదులు రాత్రి నిద్ర మాన్పించి తీసే కొద్ది గంటల ఈఈజీ చాలంటారేమో. చాలదంటే ఆ మాట వినండి.

చేరే రోజు తలస్నానం చేయించండి, నూనె వద్దు. తీగలు ఉంటాయి కాబట్టి ముందు గుండీలున్న చొక్కాలే తీసుకెళ్లండి. ఫిట్స్ రాగానే ఆ సమయాన్ని రికార్డులో గుర్తించే బటన్ నొక్కడానికి, మీ తమ్ముణ్ని బాగా ఎరిగిన మనిషి ఒకరు రాత్రీ పగలూ పక్కన ఉండాలి. పాత ఈఈజీ, ఎంఆర్ఐ సీడీలు, ఇప్పటివరకు వాడిన మాత్రల పేర్లు, మోతాదులు తీసుకెళ్లండి. ఈ వారం సగమే వేశామన్నదీ అందులో రాయండి, దాచకండి.