వయొలిన్ అటకెక్కిస్తే ర్యాంకు వస్తుందా?

ప్రశ్న: మాది కర్నూలు. మా పాప ఇంటర్ రెండో సంవత్సరం బైపీసీ. ఎనిమిదేళ్లుగా వయొలిన్ నేర్చుకుంటోంది. న్యూరాలజిస్ట్ అయి, సంగీతం మెదడుకు ఏం చేస్తుందో రీసెర్చ్ చేస్తానంటోంది. నీట్ అయ్యేదాకా వద్దని వయొలిన్ అటక మీద పెట్టేశాను. ఎంబీబీఎస్ దారి మేలా, బీఎస్సీ నుంచి రీసెర్చ్‌కు పోవడం మేలా? ఆన్‌లైన్‌లో ఆరు నెలల మ్యూజిక్ థెరపీ కోర్సు చూశాను, చేర్పించమంటారా?

జవాబు: ముందు ఆ పెట్టె దించండి సార్. మన ఎండలకు అటక మీద జిగురు వదిలేసి వయొలిన్ పాడవుతుంది.

మీ అసలు భయం కోర్సు గురించి కాదు. రేపు సీటు రాకపోతే, “ఫిడేలు చేతికిచ్చి పిల్లను చెడగొట్టాడు” అని బంధువులు అంటారని. ఇలాంటి ఉత్తరాలు ఏటా వస్తాయి. వయొలిన్ బదులు కూచిపూడి ఉంటుంది, అంతే తేడా. అయినా కర్నూలులో ఉండి ఈ మాట అడుగుతున్నారా? కర్ణాటక సంగీత విద్వాంసులు శ్రీపాద పినాకపాణి గారు మీ ఊరి మెడికల్ కాలేజీలోనే వైద్యం పాఠాలు చెప్పారు. గాయకులు నేదునూరి కృష్ణమూర్తి, నూకల చినసత్యనారాయణ ఆయన శిష్యులే. పినాకపాణి గారికి 1983లో సంగీత కళానిధి బిరుదు, మరుసటి ఏడు పద్మభూషణ్ వచ్చాయి. మీ పాప అంతటిదవుతుందని చెప్పడం లేదు. రెండూ ఒక మనిషిలో ఇముడుతాయని మాత్రం మీ ఊరే చూసింది.

పాప ఆసక్తి కూడా గాలిమాట కాదు. పక్షవాతంతో మా పెద్దనాన్నకు మాట పడిపోయింది. “నీళ్లు” అనలేక చెంబు వైపు చెయ్యి చూపేవాడు. సాయంత్రం గుడిలో భజన మొదలైతే మాత్రం పదాలతో సహా పాడేవాడు! ఇలాంటివాళ్లకు ఎడమచేత్తో తాళం వేయిస్తూ, రాగం తీసినట్టు మాటలు పలికించే పద్ధతిని 1970ల్లో బోస్టన్ నిపుణులు తయారుచేశారు. పార్కిన్సన్స్ అనే వణుకుడు జబ్బు ఉన్నవాళ్లు కొందరు తాళానికి అడుగులు వేస్తే తడబడకుండా నడుస్తారు.

ఇక ఆ ఆరు నెలల కోర్సు. నాకు నమ్మకం లేదు. ఫలానా రాగం బీపీ తగ్గిస్తుంది, ఫలానా రాగం ఫిట్స్ ఆపుతుంది అని చెప్పేవాళ్లను ఆధారం చూపమనండి. అరుదుగా కొందరికి సంగీతం వింటేనే ఫిట్స్ వస్తాయి, ఆ సంగతి వాళ్లకు తెలుసో లేదో! నరాల జబ్బు ఉన్న మనిషిని ఇలాంటి సర్టిఫికెట్ చేతికి ఎలా అప్పగిస్తాం? ఆ ఫీజుతో వయొలిన్‌కు మంచి కమాను కొనివ్వండి.

మీరడిగిన పోలిక: ఎంబీబీఎస్ అయిదున్నరేళ్లు, ఎండీ మూడు, ఆపైన నరాల వైద్యంలో ప్రత్యేక చదువు డీఎం న్యూరాలజీ మూడు. ఎక్కడా ఆగకపోయినా పదకొండున్నరేళ్లు. బీఎస్సీ, ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ దారిలో పరిశోధన ముందే మొదలవుతుంది, కానీ మందుల చీటీ రాసే అధికారం రాదు. రోగి మంచం పక్కన ఉండాలనుందా, ల్యాబ్‌లోనా అని పాపనే అడగండి. మొదటిదైతే ఎంబీబీఎస్. డాక్టరయ్యాక కూడా రీసెర్చ్ చేయొచ్చు, మెదడు, నరాల జబ్బుల ఆసుపత్రి అయిన బెంగళూరు నిమ్హాన్స్‌లో రెండూ ఒకే ఆవరణలో నడుస్తాయి. ఒక్క మాట ఆమెకూ చెప్పండి. పొద్దున ఓపీ తలనొప్పులు, ఫిట్స్, పక్షవాతంతోనే నిండిపోతుంది, వయొలిన్‌కు మిగిలేది రాత్రి ఎనిమిది దాటాకే.

ఈ కొద్ది నెలలూ రోజుకు అరగంట వాయించనివ్వండి. ఆ అరగంటకే సీటు పోదు.

పెట్టె దించేటప్పుడు పాపను పిలవండి. తీగలు వదులై ఉంటాయి, శ్రుతి చేయడం మీకు రాదు కదా.