లెటర్ రాయమంటే లీవ్ లెటర్ రాసి వచ్చింది!

ప్రశ్న: మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరండి. రొయ్యల చెరువులు చేస్తుంటాను. మా అమ్మాయి ఈ ఏడాదే బీకాం పూర్తి చేసింది. మార్కులు బాగానే వచ్చాయి. భీమవరం వైపు ఒక రొయ్యల ఎగుమతి కంపెనీ ఆఫీసులో ఉద్యోగానికి వెళితే తెల్లకాగితం ఇచ్చి, ‘అట్టపెట్టెలు కొన్ని తడిసి వచ్చాయి, సప్లయర్‌కి లెటర్ రాయమ్మా’ అన్నారట. రాసింది. చూసి, ‘ఇది స్కూల్ లీవ్ లెటర్‌లా ఉంది, నేర్చుకుని నెల తర్వాత కనపడు’ అని పంపేశారు. అప్పట్నుంచి ఇంట్లో ఒకటే టెన్షన్. ఆ కాగితం ఫొటో పంపుతున్నాను, చూడండి. విజయవాడలో స్పోకెన్ ఇంగ్లిష్‌లో చేర్పించమంటారా? అసలు అంతా వాట్సాప్‌లోనే నడుస్తున్న రోజుల్లో ఈ లెటర్ల గోల ఏమిటండి?

జవాబు: స్పోకెన్ ఇంగ్లిష్ వద్దండి. కనీసం ఇందుకోసమైతే వద్దు. ఫొటో చూశాను. అమ్మాయి ఇంగ్లిష్‌లో ఎత్తి చూపాల్సిన తప్పులేమీ లేవు. ‘రెస్పెక్టెడ్ సర్’ అని మొదలుపెట్టింది, ‘ఐ బెగ్ టు స్టేట్’ అంది, రెండుసార్లు థ్యాంక్స్ చెప్పి, చివర ‘యువర్స్ ఒబీడియెంట్లీ’ అని సంతకం పెట్టింది. సరుకుకి డబ్బు కట్టిన కంపెనీ, తడిసిన పెట్టెలు పంపినవాడికి దణ్ణం పెట్టినట్టయింది! ఇంత మర్యాదలోనూ ఎన్ని పెట్టెలు తడిశాయో, అవి ఏ ఆర్డర్‌వో, ఇప్పుడు ఆ సప్లయర్ ఏం చేయాలో మాత్రం ఒక్క ముక్క లేదు. వాళ్లు అంకెలు చెప్పకపోతే అడగొచ్చు, లేదా ఖాళీ గీత పెట్టి వదలొచ్చు. అది చూసినా ఈ పిల్లకి పని తెలుసని వాళ్లకి అర్థమయ్యేది.

తప్పు తనది కాదు లెండి. పదో తరగతి దాకా మన పిల్లలు రాసే లెటర్లలో ఎక్కువ ఎవరినో బతిమాలుకునేవే. సెలవు కావాలి, టీసీ కావాలి, ఫీజుకి గడువు కావాలి. ఆఫీసు లెటర్‌కి రెండే పనులు. చదివినవాడు వెంటనే ఏదో ఒకటి చేయాలి. ఏడాది తర్వాత గొడవ వస్తే ఫైల్లో అది దొరకాలి. ఫార్మాట్ అని మనం భయపడేదంతా ఈ రెండింటి కోసం పుట్టిందే.

వాట్సాప్ సంగతి అడిగారు. నిజమే, ఇవాళ ఏ కౌంట్‌కి (కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్కకి) రేటెంతో మీకు ఫోన్‌లోనే తెలుస్తుంది. కానీ బ్యాంకు, ఇన్సూరెన్స్, గవర్నమెంటు ఆఫీసు, బయటి దేశపు కొనుగోలుదారు వీళ్లెవరితోనైనా తేడా వస్తే ముందు అడిగేది ‘లెటర్ పెట్టారా?’ అనే. మేత కంపెనీతో ఎప్పుడైనా పేచీ పడి ఉంటే మీకు తెలిసే ఉంటుంది.

ఆ అట్టపెట్టెల లెటర్‌నే తిరగరాద్దాం. అంకెలు నేను ఊహించి వేసినవి. ఇందులో మాస్టర్ కార్టన్ అంటే చిన్న ప్యాకెట్లు సర్దే పెద్ద అట్టపెట్టె, డెలివరీ చలాన్ అంటే సరుకుతో పాటు వచ్చే కాగితం, క్రెడిట్ నోట్ అంటే అంత మొత్తం మన బాకీలో తగ్గిస్తున్నామని సప్లయర్ ఇచ్చే కాగితం. అమ్మాయి దీన్నే ఇంగ్లిష్‌లో చిన్న చిన్న వాక్యాల్లో రాసుకోవచ్చు.

(పైన కంపెనీ లెటర్‌హెడ్, అంటే కంపెనీ పేరు, అడ్రస్ అచ్చువేసిన భాగం)

రిఫరెన్స్: పర్చేజ్/041/2025-26
తేదీ: 7 ఆగస్టు 2025

సేల్స్ మేనేజర్,
సప్లయర్ కంపెనీ పేరు,
వీధి, ఊరు, పిన్‌కోడ్

డియర్ సర్ / మేడమ్,

విషయం: తడిసి వచ్చిన 400 మాస్టర్ కార్టన్లు – మా పర్చేజ్ ఆర్డర్ నం. 118, తేదీ 28 జులై 2025

పై ఆర్డర్ కింద మీరు పంపిన 5,000 మాస్టర్ కార్టన్లు ఆగస్టు 5న అందాయి. వాటిలో 400 తడిసి, అడుగు మెత్తబడి ఉన్నాయి. లారీ దించేటప్పుడే ఈ సంగతి డెలివరీ చలాన్ మీద రాసి, డ్రైవర్ చేత సంతకం చేయించాం.

వాటి బదులు కొత్త కార్టన్లు ఆగస్టు 12లోగా పంపగలరు. వీలుకాకపోతే వాటి విలువకు క్రెడిట్ నోట్ ఇవ్వగలరు.

తడిసిన కార్టన్లను మా గోడౌన్‌లో విడిగా ఉంచాం. మీ మనిషి వచ్చి చూసుకోవచ్చు.

యువర్స్ ఫెయిత్‌ఫుల్లీ,
ఫర్ (మా కంపెనీ పేరు)

(సంతకం)
పేరు
పర్చేజ్ మేనేజర్

జతపరిచినవి: 1. డెలివరీ చలాన్ కాపీ 2. ఫొటోలు
కాపీ: అకౌంట్స్ విభాగం

అంతే. ఒక్క పేజీ దాటదు. అన్నిటికంటే ఎక్కువ కష్టపడాల్సింది విషయం లైన్ మీద. మీరు చెరువులో చెక్‌ట్రే పైకి లాగి, మేత మిగిలిందో లేదో ఒక్క చూపులో చెప్పేస్తారు కదా, అవతలి మేనేజర్ కూడా ఆ ఒక్క లైన్ చూసే లెటర్ ఏ టేబుల్‌కి పంపాలో తేల్చుకుంటాడు. ‘విషయం: కార్టన్ల గురించి’ అని రాస్తే ఏ టేబుల్‌కీ పోదు. కొన్ని ఆఫీసుల్లో ఈ లైన్ ‘డియర్ సర్’ కంటే పైన రాస్తారు, కొన్నిచోట్ల కింద. చేరిన చోట పాత ఫైల్ తీసి, వాళ్ల అలవాటు ప్రకారం పోతే సరి.

మొదటి పేరాలో ఏం జరిగింది, రెండో దాంట్లో ఏం కావాలి, ఎప్పటిలోగా. మన గోదావరి వాళ్లం ఇంటికొచ్చిన మనిషికి కాఫీ ఇచ్చి, పిల్లల చదువులు అడిగి, వర్షాల సంగతి మాట్లాడాక గానీ అసలు మాట ఎత్తం. లెటర్‌లో అది కుదరదు. అలాగని కోపమూ పనికిరాదు. ‘మీరెప్పుడూ ఇంతే’ అని రాయబుద్ధేస్తుంది, కానీ వచ్చే వారం మళ్లీ ఆయన దగ్గరే పెట్టెలు కొనాలి. చలాన్ మీద డ్రైవర్ సంతకం ఉందన్న ఒక్క వాక్యం చేసే పని పది కోపపు మాటలు చేయలేవు.

‘మా’, ‘చేయించాం’, ‘ఉంచాం’ అని ‘మేము’ లెక్కన రాశాను, గమనించారా? అమ్మాయి కాగితంలో అన్నీ ‘ఐ’లే. ఆఫీసు లెటర్‌ని తను తయారు చేసినా సంతకం పెట్టేది మేనేజర్, మాట్లాడేది కంపెనీ. అందుకే సంతకం పైన ‘ఫర్’ అని కంపెనీ పేరు వస్తుంది. అకౌంట్స్‌కి కాపీ ఎందుకంటే, వాళ్లకి తెలియకపోతే 5,000 కార్టన్లకీ బిల్లు కట్టేస్తారు. ఇంటర్వ్యూలో ఈ ఒక్క లైన్ రాసి ఉంటే ఎదుటివాళ్లు తలెత్తి చూసేవారని నా నమ్మకం.

పేరు తెలియనప్పుడు ‘డియర్ సర్’ అంటే చివర ‘యువర్స్ ఫెయిత్‌ఫుల్లీ’, ‘డియర్ మిస్టర్ రావు’ అని పేరుతో పిలిస్తే ‘యువర్స్ సిన్సియర్లీ’. ఈ జత తప్పకూడదు. ‘ఒబీడియెంట్లీ’ని స్కూల్‌తోనే వదిలేయమనండి. రిఫరెన్స్‌లో 2025-26 అన్నది ఆర్థిక సంవత్సరం. చాలా ఆఫీసుల్లో ఏప్రిల్ 1 రాగానే నంబర్ మళ్లీ ఒకటి నుంచి మొదలవుతుంది. ఈ నంబర్లన్నీ బయటికి వెళ్లే లెటర్లు నమోదు చేసే అవుట్‌వర్డ్ రిజిస్టర్‌లో ఎక్కుతాయి. కొత్తగా చేరినవాళ్లకి సాధారణంగా మొదట అప్పగించేది ఆ రిజిస్టరే.

తేదీలో నెలని అంకెతో రాయకపోవడం మంచిది, ఎగుమతి ఆఫీసులోనైతే మరీను. మనం 7/8/2025 అంటే ఆగస్టు 7. అమెరికా వాడికి అది జులై 8. మన రొయ్యలు ఎక్కువగా కొనేది వాళ్లే కాబట్టి ఇది చిన్న విషయం కాదు.

పేజీ సంగతి త్వరగా చెప్పేస్తాను. అన్నీ ఎడమ అంచు నుంచే మొదలవుతాయి, పేరా మొదట్లో జరపక్కర్లేదు, పేరాకీ పేరాకీ మధ్య ఒక ఖాళీ లైన్ చాలు. దీన్ని ఫుల్ బ్లాక్ అంటారు. తేదీ, సంతకం కుడివైపు పెట్టే పద్ధతి కూడా ఉంది. నేర్చుకునేవాళ్లకి మాత్రం ఫుల్ బ్లాకే తేలిక. అక్షరం సైజు 11 లేదా 12, నాలుగు వైపులా అంగుళం మార్జిన్. వర్డ్‌లో పేజీ సైజు ‘లెటర్’ అని ఉంటే ఏ4కి మార్చుకోవాలి. లేకపోతే తెరమీద చక్కగా కనిపించినదే ప్రింట్‌లో అటూ ఇటూ అవుతుంది.

నెట్ సెంటర్‌కి మాత్రం పంపకండి. అక్కడ పాత లెటర్ తెరిచి పేరు మార్చి ఇచ్చేస్తారు. 2022లో జిల్లాలు మారాయి, పశ్చిమ గోదావరి కలెక్టరేట్ భీమవరం వచ్చింది. అయినా కలెక్టర్ గారి అడ్రస్ ఏలూరు అని ఉన్న లెటర్లు నాకు ఇప్పటికీ కనపడుతుంటాయి. అమలాపురం కోనసీమ జిల్లాలోకి వెళ్లినా, ఆ అడ్రస్‌లో ఇంకా తూర్పు గోదావరి జిల్లా అనే ఉంటుంది.

నెల గడువు ఇచ్చారు కదా, అంతదాకా ఆగక్కర్లేదు. పది రోజుల్లో పై లెటర్‌ని తన ఇంగ్లిష్‌లో టైప్ చేసి, దాని పైన చిన్న కవరింగ్ లెటర్ పెట్టి తీసుకెళ్లమనండి. విషయం లైన్‌లో ఏ ఉద్యోగానికి ఏ తేదీన టెస్ట్ రాసిందో ఉండాలి. ఇది తన సొంత లెటర్ కాబట్టి ఇందులో ‘నేను’ అనే రాయాలి, పైన లెటర్‌హెడ్ బదులు తన అడ్రస్, ఫోన్ నంబర్ ఉండాలి. కాలేజీలో సరదాగా పెట్టుకున్న మెయిల్ ఐడీ ఉంటే దాన్ని మార్చి, తన పేరుతో ఒకటి తెరిపించండి.

ఈలోపు ప్రాక్టీసుకి మీ ఇంట్లో ఉన్న కాగితాలే చాలు. మేత బిల్లులో తేడా ఉందా, బ్యాంకు నుంచి నోటీసు వచ్చిందా, ప్రతిదానికీ తన చేతే జవాబు రాయించండి. చెరువు దగ్గర లో వోల్టేజీతో ఏరేటర్లు (నీళ్లలో గాలి కలిపే మోటార్లు) సరిగ్గా తిరగడం లేదనుకోండి, కరెంటు ఆఫీసులో ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్) గారికి నిజంగానే లెటర్ రాయమనండి, తెలుగులోనే. విషయం లైన్‌లో సర్వీస్ నంబర్, ఊరు. లోపల ఏ రోజు నుంచి, ఏ వేళల్లో ఇబ్బంది, ఏం చేయమంటున్నారు. సంతకం మీది, ఎందుకంటే సర్వీస్ మీ పేరు మీద ఉంటుంది. రెండు కాపీలు తీయించి, లెటర్ ఇవ్వడానికి తననే పంపండి. ఇన్‌వర్డ్‌లో (వచ్చిన లెటర్లు తీసుకునే చోట) ఒకటి తీసుకున్నాక, రెండోదాని మీద స్టాంపు, తేదీ వేయించుకుని ఇంటికి తేవాలి. తేదీ లేకుండా ఉత్త స్టాంపు వేస్తే ఊరుకోవద్దని చెప్పండి.