మెలోడీలో ఒక సీజన్ వాయించనివ్వండి, బీటెక్ మాత్రం మాననివ్వకండి

ప్రశ్న: మాది పర్లాకిమిడి. మా అబ్బాయి బరంపురంలో బీటెక్ ఈసీఈ రెండో సంవత్సరం. నలుగురు స్నేహితులతో కలిసి పాప్-రాక్ బ్యాండ్ పెట్టాడు. వాడిది గిటారు. మొన్న కాలేజీ ఫెస్టులో మంచి పేరొచ్చింది. అప్పట్నించీ చదువు మానేసి బ్యాండే చేసుకుంటానంటున్నాడు. ‘అమెరికాలో అంత పేరున్న మెరూన్ ఫైవ్ వాళ్ళదీ స్కూల్ బ్యాండే కదా’ అంటాడు. కొత్త గిటారుకీ, దాని శబ్దాన్ని మార్చే ఎఫెక్ట్స్ పెడల్స్‌కీ డబ్బు అడుగుతున్నాడు. వాళ్ళ నాన్నగారేమో ‘అది మన సంగీతమే కాదు’ అని వాడితో మాటలు మానేశారు. ఏం చెయ్యమంటారు?

జవాబు: అమ్మా, మీ అబ్బాయి చెప్పింది నిజమే కానీ సగమే చెప్పాడు. మిగతా సగం ఇక్కడ రాస్తున్నాను, ఇద్దరూ కలిసి చదవండి.

లాస్ ఏంజెలెస్‌లో ఒకే స్కూలు కుర్రాళ్ళు నలుగురు 1990ల మధ్యలో ‘కారాస్ ఫ్లవర్స్’ అని బ్యాండ్ పెట్టారు. చిన్న వయసులోనే పెద్ద కంపెనీతో ఒప్పందం కుదిరింది. 1997లో ఆల్బమ్ వచ్చింది, ఎవరూ పట్టించుకోలేదు, కంపెనీ వదిలేసింది. అప్పుడు వాళ్ళు కాలేజీ బాట పట్టారు. పాడే ఆడమ్ లెవీన్, కీబోర్డు వాయించే జెస్సీ కార్మైకేల్ న్యూయార్క్ వైపు వెళ్ళి చేరారు. మిగతా ఇద్దరూ లాస్ ఏంజెలెస్‌లోనే యూనివర్సిటీలో చదివారు. న్యూయార్క్ హాస్టల్లో చుట్టూ మోగే ఆర్ అండ్ బీ, హిప్‌హాప్, గాస్పెల్ ఆ ఇద్దరి చెవుల్నే మార్చేశాయి. అంతకుముందు వాళ్ళ పాటంటే దట్టమైన గిటారు హోరు. తర్వాత బేస్, డ్రమ్స్ ముందుకొచ్చాయి. గిటారు చిన్న చిన్న ముక్కలుగా తాళం మీద పడుతుంది, మధ్యలో ఖాళీ ఉంటుంది, ఆ ఖాళీలో గొంతు తేలిగ్గా తిరుగుతుంది. ఈ రోజు మీ అబ్బాయికి నచ్చుతున్న సౌండ్ అదే. కాలేజీకి వెళ్ళకపోతే ఆ సౌండ్ పుట్టేది కాదని నేను గట్టిగా నమ్ముతాను.

2001లో ఇంకో గిటారిస్టు కలిశాడు, పేరు ‘మెరూన్ ఫైవ్’ అని మార్చుకున్నారు, 2002లో ఆల్బమ్ వచ్చింది. అదీ వెంటనే పేలలేదు. ఊరూరా తిరిగి వాయిస్తూ పోతే 2004కి గానీ అమెరికా టాప్ టెన్‌లోకి ఎక్కలేదు. 2005లో అమెరికా సంగీత పురస్కారాలిచ్చే గ్రామీ వాళ్ళు ‘ఉత్తమ కొత్త కళాకారులు’ అని బహుమతి ఇచ్చారు, మొదటి ఆల్బమ్ వచ్చిన ఎనిమిదేళ్ళకి! ఈ తిరుగుడుకి డ్రమ్మర్ రయాన్ డ్యూసిక్ భుజం, మణికట్టు దెబ్బతిన్నాయి. 2006లో బ్యాండ్ వదిలేయాల్సి వచ్చింది. తర్వాత చదువుకుని మానసిక ఆరోగ్య థెరపిస్టు అయ్యాడు. ఈ ఒక్క సంగతీ మీ అబ్బాయి బ్యాండులో డ్రమ్స్ వాయించే పిల్లవాడికి కూడా చెప్పమనండి.

ఇక మీవాడి సంగతి. బ్యాండుకి అన్నం పెట్టేది స్టేజీ. ఫెస్టులో మూడు నాలుగు పాటలు వాయిస్తారు, ముందు నిలబడేది స్నేహితులే, ఎలా వాయించినా ఈలలు వేస్తారు. గంటన్నరసేపు, ముక్కూ మొహం తెలియని జనం ముందు నిలబడగలరా అన్నది వేరే పరీక్ష. దానికి అమెరికా దాకా పోనక్కర్లేదు. పూజ పందిళ్ళ దగ్గర రాత్రుళ్ళు మెలోడీ ప్రోగ్రాములు, అంటే సినిమా పాటల ఆర్కెస్ట్రాలు, మీరు చూసే ఉంటారు. ఆ కళాకారుల్ని కుర్రాళ్ళు చిన్నచూపు చూస్తారు, అది నాకు బాధగా ఉంటుంది. గాయనికి గొంతు బాగోలేదంటే అక్కడికక్కడే శ్రుతి దించి వాయిస్తారు. ఒడియా పాట అవుతూనే హిందీ పాట, జనంలోంచి ఎవరైనా అరిస్తే తెలుగు పాట. కరెంటు పోయి వచ్చినా తడబడరు. ఈ దసరా సీజన్లో ఏదైనా మెలోడీ పార్టీలో వాయించే అవకాశం వెతుక్కోమనండి. బరంపురంలో ఠాకురాణి అమ్మవారి జాతర వచ్చే ఏడాది అయితే ఇంకా మంచిది.

దానితోపాటు ఒక పని. బ్యాండు మొత్తం ప్రోగ్రాం ఆగకుండా వాయిస్తుంటే, హాలు చివర కుర్చీలో ఫోను పెట్టి రికార్డు చెయ్యమనండి. మర్నాడు ఐదుగురూ కూర్చుని వినాలి. మొదటి పాటకీ ఆఖరి పాటకీ వేగం పెరిగిపోయిందా? పాటకీ పాటకీ మధ్య గిటారు ట్యూన్ చేసుకుంటూ ఎంతసేపు జనాన్ని నిలబెట్టారు? మాటలు అర్థమవుతున్నాయా, డ్రమ్స్ మింగేశాయా? చివరి పాటల్లో గొంతు కింద పడుతోందా? గొంతు పడిపోవడానికి చాలాసార్లు కారణం మానిటర్, అంటే వాయించేవాళ్ళకి వినపడేలా స్టేజీ మీద పెట్టే స్పీకరు. తన గొంతు తనకి వినపడక పాడేవాళ్ళు అరుస్తారు, అరిస్తే శ్రుతి పోతుంది. అందుకే సౌండ్ చెక్‌కి ముందే వెళ్ళి, మానిటర్‌లో గొంతు పెట్టించుకున్నాకే మిగతావి పెట్టించుకోవాలి.

చదువు మానకూడదని నేనంటున్నది భయంతో కాదు. సిగ్నల్స్ పాఠంలో ఫిల్టర్ అని చదివేదే సౌండ్ మిక్సర్ మీద బేస్, ట్రెబుల్ సరిచేసే ఈక్యూ నాబ్. ఈసీఈ చదివి లైవ్ సౌండ్ నేర్చినవాడు బ్యాండు ఉన్నా లేకపోయినా స్టేజీ పక్కనే బతకగలడు. పూణే ఎఫ్‌టీఐఐ, కలకత్తా ఎస్ఆర్ఎఫ్‌టీఐ లాంటి సినిమా శిక్షణ సంస్థల్లో సౌండ్ కోర్సుకి వెళ్ళాలన్నా డిగ్రీ ఉండాలి. చదువుతూనే గిటారుకి లండన్ ట్రినిటీ కాలేజీ వాళ్ళ రాక్ అండ్ పాప్ గ్రేడ్ పరీక్షలు రాసుకోవచ్చు, ఎనిమిదో గ్రేడు దాకా ఉన్నాయి.

సొంత పాటలు కట్టడం మొదలుపెట్టగానే ఐదుగురూ కాగితం రాసుకోవాలి. బ్యాండు పేరు ఎవరిది, పాట ఎవరు రాశారు, బాణీ ఎవరిది, ఫీజులో వాటా ఎంత, ఒకరు వెళ్ళిపోతే ఏమిటి. స్నేహంలో ఇవన్నీ ఎందుకంటారు, డబ్బొచ్చాక అడగలేరు. కాపీరైట్ చట్టానికి 2012లో చేసిన సవరణ తర్వాత పాట రాసినవాళ్ళ, స్వరపరిచినవాళ్ళ రాయల్టీ హక్కుకి చట్టంలో బలం వచ్చింది. ఆ రాయల్టీ వసూలు చేసిపెట్టే ఐపీఆర్ఎస్ అనే సంస్థలో సభ్యత్వం తీసుకోవాలి.

మీ పిల్లలకి ఇంకొకరికి లేని వసతి ఒకటుంది. ఇచ్ఛాపురం దాటితే తెలుగు జనం, ఛత్రపురం, భువనేశ్వర్ వైపు ఒడియా జనం. రెండు భాషల్లోనూ తప్పుల్లేకుండా పాడి, మాట్లాడి, జనాన్ని నవ్వించగల బ్యాండు విశాఖలో దొరకదు, భువనేశ్వర్‌లోనూ అరుదే. ఇంగ్లీషు పాటలు కాపీ కొట్టడం తగ్గించి ఇటు తిరగమని చెప్పండి.

నాన్నగారికి నా మాటగా చెప్పండి: వయొలిన్ కూడా పడవెక్కి వచ్చిందే. 1919లో మొదలైన విజయనగరం సంగీత కళాశాలలో ద్వారం వెంకటస్వామి నాయుడు గారు పాఠం చెప్పింది దాని మీదే. ఒక్కసారి హాల్లో కూర్చుని వినమనండి. నచ్చకపోతే నచ్చలేదని వాడితోనే చెప్పమనండి. మాటలు మానేయడం కన్నా అది వాడికి ఎంతో మేలు.

డబ్బు సంగతి. కొత్త గిటారు ఇప్పుడే వద్దు. బ్యాక్‌లాగ్స్ లేకుండా ఈ ఏడాది గట్టెక్కి, ఆ రికార్డింగులు బాగుపడుతుంటే అప్పుడు చూడండి. ఈలోగా ఐదుగురికీ చెవుల్లో పెట్టుకుంటే హోరు తగ్గించే మంచి ఇయర్‌ప్లగ్స్ కొనివ్వండి. చిన్న గదిలో డ్రమ్స్ పక్కన రోజూ రిహార్సల్ చేస్తే చెవులు పాడవుతాయి, పోయిన వినికిడి తిరిగి రాదు.